ఎన్ అనాలా, ఎట్ అనాలా?

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో మా అమ్మాయి క్లాస్ టీచర్‌గారు ఒక ఇంగ్లీషు వర్క్‌షీట్ చూపించారు. ఖాళీల్లో ఎ, ఏన్ నింపాలి. అంబ్రెల్లా ముందు ఏన్, యూనివర్సిటీ ముందు ఎ, అవర్ ముందు ఏన్. ఇరవై ఖాళీలకు పద్దెనిమిది సరిగ్గా నింపిన పిల్లలు కూడా సొంతంగా రాయమంటే 'ఐ యామ్ స్టూడెంట్' అని రాస్తున్నారని, ఆ చిన్న ముక్క ఎక్కడ జారిపోతోందో తెలియడం లేదని ఆవిడ అన్నారు. పక్కన ఉన్న నాన్నగారొకరు "మాకే రాదు, వాళ్లకేం వస్తుంది మేడం" అని నవ్వేశారు. అలాంటి చిన్న ముక్కతోనే నేను స్వీడన్‌లో ఏళ్ల తరబడి కుస్తీ పట్టానని చెబితే, "అదేదో న్యూస్‌లెటర్‌కి రాసివ్వండి" అన్నారు. అందుకని ఈ నెల ఈ పేజీ నాది.

మాది కొండవీడు. కొండ కింద ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ నరసరావుపేటలో. ఇంగ్లీషే బిక్కుబిక్కుమంటూ చదివిన నాకు స్వీడిష్ నేర్చుకునే అవసరం పెళ్లితో వచ్చింది. మావారు 2010లో ఎంఎస్ చదవడానికి స్వీడన్ దక్షిణ తీరంలో ఉన్న కార్ల్స్‌క్రూనాకు వెళ్లారు. అక్కడి బ్లెకింగె టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌కు మన జేఎన్‌టీయూలతో ఒప్పందాలు ఉండటంతో ఆ ఊళ్లో తెలుగు కుర్రాళ్లు బాగానే ఉండేవారు. అప్పటికి స్వీడన్‌లో విదేశీ విద్యార్థులకు కూడా ఫీజు లేదు. 2011 నుంచి యూరప్ బయటివాళ్లకు పెట్టారు. ఒక్క ఏడాది తేడాతో ఫీజు తప్పిందని మా మామగారు ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుని మురిసిపోతుంటారు.

2013లో పెళ్లయ్యాక నేనూ వెళ్లాను. కార్ల్స్‌క్రూనా దీవుల మీద కట్టిన ఊరు. 1680లో పదకొండో కార్ల్ అనే రాజు నౌకాదళం కోసం కట్టించాడట. 1998లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సముద్రం వైపు రాతి కోటలు కాపలా ఉంటాయి. కోట నీడలో పుట్టిన నేను మళ్లీ కోటలున్న ఊరికే కాపురానికి వెళ్లానన్నమాట. చలి సంగతి, చీకటి సంగతి అందరూ చెప్పేదే కాబట్టి వదిలేస్తాను.

అక్కడ స్థిరపడ్డవాళ్లకు మునిసిపాలిటీ స్వీడిష్ నేర్పిస్తుంది. పైసా కట్టక్కర్లేదు. ఆ కోర్సు పేరు ఎస్‌ఎఫ్‌ఐ. ఫోన్లో చెబితే మా నాన్న కంగారుపడ్డారు. పెళ్లయి పరాయి దేశం వెళ్లిన పిల్ల విద్యార్థి సంఘంలో చేరడమేమిటని! వలస వచ్చినవాళ్ల కోసం స్వీడిష్ అని ఆ మూడక్షరాలకు అర్థం.

మొదటి వారంలోనే ఎన్, ఎట్ ఎదురయ్యాయి. రెండింటికీ అర్థం 'ఒక' అనే. కారు అంటే బీల్, కాబట్టి ఒక కారు ఎన్ బీల్. ఇల్లు అంటే హ్యూస్, ఒక ఇల్లు మాత్రం ఎట్ హ్యూస్. కుర్చీ ఎన్ స్తూల్ (మన స్టూలు కాదు, కుర్చీయే). దాని పక్కనున్న బల్ల ఎట్ బూర్డ్. ఇంగ్లీషులో ఎ, ఏన్‌కి కనీసం చెవి ఆధారం. పదం అచ్చు ధ్వనితో మొదలైతే ఏన్, లేకపోతే ఎ. యూనివర్సిటీ 'యూ' అని పలుకుతుంది కాబట్టి ఎ, అవర్‌లో హెచ్ పలకదు కాబట్టి ఏన్. ఒకసారి పట్టుబడితే ఎంత కొత్త పదమైనా భయం లేదు. స్వీడిష్‌లో పదం మొహం చూసి చెప్పగలిగింది తక్కువ. 'ఆ'తో ముగిసే పదాలు చాలావరకు ఎన్ అంటారు. స్కూలు ఎన్ స్కూలా, ఆడపిల్ల ఎన్ ఫ్లికా. సరే అనుకునేలోపు గుండె అంటే యెర్టా అనే మాట వస్తుంది. అది 'ఆ'తోనే ముగుస్తుంది, కానీ ఎట్.

ఎన్నో వందల ఏళ్ల కింద వాళ్ల భాషలో మగ, ఆడ, నపుంసకం అని మూడు లింగాలు ఉండేవట. తర్వాత మగ, ఆడ కలిసిపోయి ఎన్ అయ్యాయి, మూడోది ఎట్‌గా మిగిలింది. చరిత్ర తెలిసినంత మాత్రాన బల్ల ఎట్, కుర్చీ ఎన్ ఎందుకో తెలియదు. పైగా ఈ 'ఒక' ఒక్కటే మారి ఊరుకోదు. పెద్ద కారు అంటే ఎన్ స్తూర్ బీల్, పెద్ద ఇల్లు అంటే ఎట్ స్తూర్ట్ హ్యూస్. 'పెద్ద' అనే మాటకు కూడా చివర ఒక 'ట్' తగులుకుంటుంది. ఫలానా కారు అని చెప్పాలంటే ముందున్న ఎన్ వెనక్కి వెళ్లి బీలెన్ అవుతుంది. ఫలానా ఇల్లు హ్యూసెట్. ఈ వెనక తగిలించడం మాత్రం నాకు సుఖంగా అనిపించింది. ఇల్లు, ఇంటికి, ఇంట్లోంచి అని అన్నీ వెనకే తగిలించే భాష కదా మనది.

మా క్లాసులో సిరియా నుంచి వచ్చినవాళ్లు, సముద్రం అవతలి పోలెండ్ వాళ్లు, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేవారు. పోలిష్‌లో మూడు లింగాలున్నాయి కానీ 'ఎ, ది' లాంటి మాటలు లేవు. థాయ్‌లో రెండూ లేవు. ఆ థాయ్ అక్క చాలా తెలివైనది. స్వీడిష్ పదాల్లో నాలుగింట మూడొంతులు ఎన్ అని ఎక్కడో చదివి, "అన్నిటికీ ఎన్ అనేస్తే డెబ్బై అయిదు మార్కులు ఖాయం, నాకు చాలు" అనేసింది. క్లాసంతా నవ్వింది. మా టీచరు పెద్దావిడ. ఆవిడా నవ్వింది కానీ, బోర్డు మీద ఎట్ పదాలు కొన్ని రాసింది. ఇల్లు, బిడ్డ, రొట్టె, పేరు, పని, భాష, బతుకు. "మిగిలిన పాతిక మార్కుల్లో ఇవన్నీ ఉన్నాయి" అంది. థాయ్ అక్క నోట్‌బుక్ తెరిచి రాసుకుంది.

ఆ టీచరు దగ్గర ఒకే పద్ధతి. నోట్‌బుక్‌లో పదాన్ని ఒంటరిగా రాయనిచ్చేది కాదు. 'బూక్ అంటే పుస్తకం' అని రాస్తే కొట్టేసి, 'ఎన్ బూక్ అంటే పుస్తకం' అని రాయించేది. ఎన్ అనేది పదం ముందు వచ్చే వేరే మాట అనుకోవద్దు, పదానికి మొదటి అక్షరం అనుకోండి అనేది. రూలు అడిగితే చెప్పేది, కానీ అంత ఉత్సాహంగా కాదు. వస్తువు చేతికిచ్చేది. యాపిల్ చేతిలో పెట్టి ఎట్ ఎప్లె, అరటిపండు పెట్టి ఎన్ బనాన్. మేం తిన్నాం కూడా.

అలా నేర్చుకున్న పదాలకు నాకు ఇప్పటికీ ఊళ్లు, మనుషులు గుర్తొస్తారు. కఫె అంటే కాఫీ, అది ఎట్ జాతి మాట. అయినా కొట్లో అడిగేటప్పుడు అందరూ ఎన్ కఫె అంటారు. కప్పు ఎన్ కాబట్టి, కప్పును మింగేసి ఎన్ మాత్రం మిగిల్చారు. ఇది పుస్తకం వల్ల కాక రైల్వేస్టేషన్ దగ్గరి బేకరీలో క్యూలో నిలబడి తెలిసింది. 2014 సెప్టెంబరులో వాళ్ల ఎన్నికలు జరిగాయి. గోడల మీద ఎక్కడ చూసినా వాల్ అనే మాట. ఎట్ వాల్ అంటే ఎన్నిక. ఎన్ వాల్ అంటే తిమింగలం! అక్షరాలు అవే, పలకడం అదే, ముందున్న ముక్క ఒక్కటే తేడా.

బిడ్డ అంటే బార్న్. ఎట్ బార్న్. ఈ మాట నాకు క్లాసులో వచ్చింది కాదు. 2015లో కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేసిన నర్సు స్క్రీన్ చూసి ఎట్ ఫ్రిస్క్ట్ బార్న్ అంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ అని. అబ్బాయా అమ్మాయా అన్న మాటే రాలేదు. బార్న్ ఎవరైనా ఎట్టే. ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి ఆ మూడు మాటలూ స్వీడిష్‌లోనే చెప్పాను. అమ్మకు ఏం అర్థమైందో గానీ, గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చింది.

పాప పుట్టింది. ఇదిగో, ఇక్కడే చూడండి, తెలుగులో బిడ్డ పుట్టిన వార్త చెప్పాలంటే ఎవరో తేల్చక తప్పదు. 'బాబు పుట్టాడు', 'పాప పుట్టింది'. స్వీడిష్ నేర్చుకుంటుండగా నాకు తెలుగు కొత్తగా కనిపించడం మొదలైంది. మనకు ఎన్, ఎట్ గోల లేదని నేను క్లాసులో గొప్పగా చెప్పుకునేదాన్ని. మా టీచరు ఒకరోజు "నీ భాషలో ఒకటి, రెండు, మూడు చెప్పు" అంది. చెప్పాను. "మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు కూడా ఇవేనా?" అంది. కాదు! ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఆ మాట వినగానే ఆవిడ కళ్లు మెరిశాయి.

కాగితం మీద పెట్టి చూస్తే తమాషాగా ఉంది. మనం ఒక మేక అంటాం, ఒక అబ్బాయి అంటాం, ఒక అమ్మాయి అంటాం. 'ఒక' మారదు. రెండుకు వచ్చేసరికి విడిపోతాం. రెండు మేకలు, ఇద్దరు అబ్బాయిలు. స్వీడిష్ దీనికి సరిగ్గా తిరగేసి. ఒకటి దగ్గర ఎన్, ఎట్ అని విడిపోయి, రెండు దగ్గర అందరూ ఒకటైపోతారు. రెండు కార్లకైనా, రెండు ఇళ్లకైనా, ఇద్దరు బిడ్డలకైనా ఒకటే మాట, త్వో. ఇక మన 'ఒక' ఒంటరిగా నిలబడాల్సి వస్తే ఒకడు, ఒకతె, ఒకటి అని మూడుగా చీలుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు అంటూ మాట్లాడేది ఈ విభాగం గురించే. మా తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు, మార్కుల కోసం రాసే ఉంటాను. కానీ ఇద్దరు అనాలో రెండు అనాలో ఎవరైనా మనకు రూలు చెప్పి నేర్పారా? ఏడుగురు అంటాం, పదుగురు అని ఎక్కడో తప్ప అనం, పదిమంది అంటాం. ఎక్కడ ఆపాలో ఎవరు చెప్పారు?

మా పాప ఏడాదిన్నర వయసులో అక్కడి ప్రీస్కూల్లో చేరింది. స్వీడిష్ రావాలంటే ఇంట్లో కూడా అదే మాట్లాడమంటారేమో అని అనుకున్నాం. వాళ్లు దానికి పూర్తిగా ఎదురు చెప్పారు. ఇంట్లో మీ భాషే మాట్లాడండి, దాని మీదే మా భాష నిలబడుతుంది అన్నారు. అది ఆ ఒక్క టీచరు అభిప్రాయం కాదు, ఆ దేశపు పద్ధతే. ఇంటి భాష నేర్పే బాధ్యతను 1977లోనే మునిసిపాలిటీల మీద పెట్టారు. ఊళ్లో ఒకే భాష పిల్లలు అయిదుగురు ఉండి, చెప్పేవాళ్లు దొరికితే బడిలో ఆ భాష చెప్పించాలి. పెద్ద ఊళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. మా ఊళ్లో ఆ వయసు పిల్లలు అంతమంది కుదరక మా పాపకు తెలుగంటే మేమిద్దరమే, ఫోన్లో అమ్మమ్మా తాతయ్యా.

ఆ ప్రీస్కూల్లో నేను గమనించింది ఒకటుంది. పిల్లలు మాట తప్పుగా అంటే టీచర్లు తప్పు అనేవారు కాదు. పిల్లాడు "ఎన్ హ్యూస్!" అని కిటికీలోంచి చూపిస్తే, "అవును, ఎట్ హ్యూస్, ఎట్ స్తూర్ట్ హ్యూస్" అని మాట కలిపేవారు. సరైన మాట వాడి చెవిన పడుతుంది, వాడు చూపించిన ఇల్లూ అందరూ చూస్తారు. వాడు చెప్పాలనుకున్నది ఇల్లు గురించే కదా. మా పాప నాలుగేళ్లకే ఎన్, ఎట్‌లలో తడుముకునేది కాదు. నేను ఆరేళ్లు కష్టపడ్డా దాని చెవి నాకు రాలేదు.

2022 వేసవిలో మా అత్తగారి ఆరోగ్యం బాగాలేక తిరిగి వచ్చేశాం. వెళ్లేటప్పుడు మాది గుంటూరు జిల్లా, వచ్చేసరికి పల్నాడు జిల్లా అయింది. పాపకు ఏడో ఏడు. రెండో తరగతిలో చేర్పించాం.

వచ్చిన నెలలోపే నరసరావుపేటలో చుట్టాలింట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ పాపను దగ్గరికి తీసుకుని, "మీ మామయ్యకు ఎంతమంది పిల్లలే?" అని అడిగింది. మా తమ్ముడికి ఇద్దరు. పాప చక్కగా, గట్టిగా, "రెండు పిల్లలు" అంది.

తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మేకకు రెండు పిల్లలు, మేనమామకు ఇద్దరు పిల్లలు. పందిరంతా గొల్లుమంది. "మీ అత్త మేకటే?" అన్నారొకరు. "శ్రీనాథుడు తిరిగిన గడ్డ మీద ఇదేం తెలుగే తల్లీ" అన్నారొకరు. ఎవరికీ దురుద్దేశం లేదు, అంతా ముద్దుగానే. ఒక కుర్రాడు ఫోన్ తీసి మళ్లీ చెప్పమన్నాడు. పాప మళ్లీ చెప్పింది. మళ్లీ నవ్వారు. మూడోసారి అడిగితే నా చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. సాయంత్రానికి ఆ వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపులో ఉంది.

దాని తల్లో లెక్క దానికి సరిగ్గానే ఉంది. అది పెరిగిన భాషలో రెండు దగ్గర అందరూ ఒకటే. దానికి అది తప్పని కూడా తెలియదు. నవ్వారని మాత్రం తెలిసింది.

ఆ రోజు నుంచి పాప తెలుగు మానేసింది. మాతో స్వీడిష్, బడిలో ముక్తసరిగా ఇంగ్లీషు, మిగతా అందరితో తల ఊపడం. నానమ్మ మంచం మీద నుంచి పిలిస్తే వెళ్లి పక్కన కూర్చునేది, పలికేది కాదు. వినాయక చవితి వెళ్లింది, దసరా వెళ్లింది. మాటల డాక్టరుకు చూపించమని ఒకరు, ఇంట్లో ఆ పరాయి భాష బంద్ చేయమని ఒకరు, నాలుగు తగిలిస్తే అదే వస్తుందని ఒకరు. అత్తగారికి మాత్రం మనవరాలి గొంతు వినాలని ఉండేది. ఆవిడకు ఎంత టైముందో మాకు తెలియదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేసినట్టు ఉంటుంది.

దీపావళి సెలవులకు కొండవీడు పంపించాం. మా నాన్నకు ఆరేడు మేకలు, కాస్త మిరప. ఆయన పాపను మాట్లాడమని అడగలేదు. పొద్దున్నే మేకలు తోలుకుంటూ కొండవైపు వెళ్తే వెంట తీసుకెళ్లేవారు. మూడో రోజు నేనూ వెళ్లాను. అప్పుడు చూశాను అక్కడేం జరుగుతోందో.

నాన్న రాయిని చూపించి "దీన్ని మీ ఊళ్లో ఏమంటారు?" అంటారు. "ఎన్ స్తేన్." చెట్టు? "ఎట్ త్రేద్." కోతి? "ఎన్ ఆపా." మబ్బు? "ఎట్ మోల్న్." నాన్న ఒక్కోటీ పైకి అనుకుంటూ నడుస్తారు. కాసేపయ్యాక ఇంకో చెట్టు దగ్గర ఆగి "ఎన్ త్రేద్" అంటారు. పాప నవ్వలేదు. "అవును తాతయ్యా, ఎట్ త్రేద్" అంది. తెలుగులో! 'అవును తాతయ్యా' తెలుగులో అంది. వెనక నడుస్తున్న నేను అక్కడే ఆగిపోయాను. నాన్న మాత్రం వెనక్కి తిరగలేదు, ఏమీ జరగనట్టే "ఆ, ఎట్ త్రేద్" అనుకుంటూ ముందుకు పోయారు. ఆ ప్రీస్కూలు గురించి ఆయనకేం తెలుసు? పాపే ఆ టీచర్లలాగా చెబుతోంది, ఆయన పిల్లాడిలాగా వింటున్నారు.

"ఏందే ఈ ఎన్నూ, ఎట్టా?" అన్నారు కాసేపటికి. "ఎన్ను అంటే జొన్నకంకి మాకు. ఎట్టా అంటే, ఎట్టా ఉన్నావు అని. ఇదెట్టా గుర్తుపెట్టుకోను?" పాపకు నవ్వాగలేదు. మేక ఎన్ యేట్ అని చెబితే ఆయనకు వెంటనే పట్టుబడింది. "యేట్! మన వేటే కదా!" అన్నారు. మా వైపు మేకమాంసాన్ని వేటమాంసం అంటాం. పాపం ఆ మేకకు తెలియదు.

కోట ద్వారం దగ్గర పెద్ద చర్చ జరిగింది. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు, 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు, ఇదంతా నాన్న ప్రతి కొత్తవాళ్లకూ చెప్పే పాఠమే. పాప శ్రద్ధగా విని, రాజులు ఉన్నారు కాబట్టి ఎట్ స్లోట్ అంది. చుట్టూ బురుజులు చూసి, కాదు, ఎన్ బోర్య్ అంది. రాజు హాయిగా ఉండే చోటు స్లోట్, శత్రువును ఆపే చోటు బోర్య్. నాన్న "రెండూ ఇక్కడే" అన్నారు. చివరికి కింద చదునుగా ఉన్నచోట ఎట్, పైన బురుజుల దగ్గర ఎన్ అని ఇద్దరూ రాజీపడ్డారు. సీతాఫలం దగ్గర మాత్రం రాజీ కుదరలేదు. దానికి స్వీడన్‌లో రోజూ వాడే మాట లేదు. యాపిల్ ఎట్ కాబట్టి ఎట్ సీతాఫలం అని పాప. అరటిపండు ఎన్ అన్నావు కదా, ఎన్ సీతాఫలం అని నాన్న. బయటి నుంచి వచ్చిన కొత్త మాటల్ని స్వీడన్ వాళ్లు ఎక్కువగా ఎన్‌లోనే వేసుకుంటారు, కాబట్టి నాన్నే గెలవాలి. నేను కలగజేసుకోలేదు.

దిగేటప్పుడు మేకలు లెక్కపెట్టారు. నాన్న పైకే లెక్కపెట్టారు. "మేకలు ఆరు. పిల్లలు రెండు. మనుషులం ముగ్గురం." పాప వెంట అంటూ నడిచింది. ఆయన దాని కోసమే అలా లెక్కపెట్టారా, రోజూ అంతేనా అని నేను ఇప్పటిదాకా అడగలేదు. సంక్రాంతికి మా తమ్ముడి ఇంట్లో పాప "మీ ఇద్దరు పిల్లలూ నా బొమ్మ తీసుకున్నారు మామయ్యా" అని ఫిర్యాదు చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆడపడుచు మాత్రం వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. మా అత్తగారు ఆ తర్వాత ఎనిమిది నెలలు ఉన్నారు. ఆ ఎనిమిది నెలలూ సాయంత్రం పూట ఆవిడకు పేపరులో పెద్దక్షరాలు చదివి వినిపించింది పాపే.

టీచర్‌గారు అడిగినదానికి నాకు తోచింది ఇది. 'ఐ యామ్ స్టూడెంట్' అని రాసిన పిల్లల చెవిలో తెలుగు ఉంది. 'నేను విద్యార్థిని' అనే వాక్యంలో ఒక లేదు, ఉండకూడదు. స్వీడిష్‌లో కూడా అంతే, నేను టీచర్ని అనాలంటే ఎన్, ఎట్ ఏమీ పెట్టరు. అంటే సగం ప్రపంచం మన పిల్లల పక్షానే ఉంది. ఇంట్లో నేను చేసేది చిన్నపని. పాప డైరీలో కొత్త పదం రాసుకుంటే, ఎలిఫెంట్ అని కాక ఏన్ ఎలిఫెంట్ అని, అవర్ అని కాక ఏన్ అవర్ అని రాసుకోమంటాను. తను పైకి చదువుతుంది, నేను వంట చేస్తూ వింటాను. వర్క్‌షీట్లు మానమని కాదు, అవీ కావాలి. కానీ మా పాపకు అంబ్రెల్లా ముందు ఏన్ వచ్చింది వానలో బస్ దిగుతూ.

ఇప్పుడు అయిదో తరగతి. తెలుగు మాట్లాడటం ఆపమంటే ఆపదు. స్వీడిష్ జారిపోతోంది. మాట్లాడటానికి నేనూ వాళ్ల నాన్నా తప్ప ఎవరున్నారు? మొన్న దసరా సెలవుల్లో కార్ల్స్‌క్రూనాలో ఉన్న పాత స్నేహితురాలికి ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపుతోంది. తాతయ్యకు కొత్తగా ఒక మేక వచ్చిందని చెప్పబోయి మధ్యలో ఆగింది. ఎన్నా, ఎట్టా అని నా వైపు చూసింది.

నేను నోరు తెరిచేలోపు అరుగు మీద నుంచి నాన్న గొంతు వినిపించింది. "ఎన్ను. ఎన్ను యేట్. మన వేటే."